4 జీబీ పెన్‌డ్రైవ్ 7.45 జీబీగా కనిపించిన కేసు: ఏం మారింది, ఏం పోయింది, ఏం తిరిగొచ్చింది

చెన్నై జార్జ్‌టౌన్‌లో, ఆండర్సన్ స్ట్రీట్ పరిసరాల్లో తెలుగు శుభలేఖలు కంపోజ్ చేసే చిన్న డీటీపీ షాపు. మెషీన్ పాతది: విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3, 1 జీబీ ర్యామ్, 80 జీబీ హార్డ్ డిస్క్, యూఎస్‌బీ 2.0 పోర్టులు. అందులో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు టైపు చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్, కోరెల్‌డ్రా, ఫొటోషాప్ ఉన్నాయి. ఇలాంటి షాపులు మెషీన్ మార్చకపోవడానికి గట్టి కారణమే ఉంది. ఏళ్ల తరబడి కొట్టిన మేటరంతా అను ఫాంట్లలో ఉంది, ఏ కంప్యూటర్‌లోనైనా చదవగల యూనికోడ్‌లో లేదు. 2001లో వచ్చిన 7.0 తర్వాత పేజ్‌మేకర్‌కు పెద్ద వెర్షన్ ఏదీ రాలేదు. కొత్త కంప్యూటర్ కొంటే పాత శుభలేఖ ఫైలు తెరుచుకుంటుందో లేదో నమ్మకం లేదు. "మెషీన్ మార్చుకో" అన్న సలహా అక్కడ పనికిరాదు.

హార్డ్ డిస్క్ నిండిపోవడంతో పాత ఫైళ్లన్నీ ఒక 4 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి తోశారు. ఇంకో కాపీ లేదు. రోజూ ప్లేటు సెంటర్‌కు (అచ్చుకు ప్లేట్లు తీసే చోటు) ఫైళ్లు మోసుకెళ్లేదీ అదే డ్రైవ్. అది కూడా నిండాక, పెన్‌డ్రైవ్ సైజును రెట్టింపు చేస్తానని చెప్పుకునే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి డౌన్‌లోడ్ చేశారు. ఇన్‌స్టాల్ అక్కర్లేదు. డ్రైవ్ అక్షరం ఎంచుకుని బటన్ నొక్కితే రెండు మూడు సెకన్లలో "పూర్తయింది" అని చెప్పింది. మై కంప్యూటర్‌లో చూస్తే 3.72 జీబీ ఉన్న డ్రైవ్ 7.45 జీబీ అయింది.

నాలుగు రోజుల తర్వాత డ్రైవ్ రిపేరుకు వచ్చింది. "సార్, పైన ఉన్న పేర్లన్నీ బాగానే కనబడుతున్నాయి. ఫోల్డర్ తెరిస్తే లోపల పిచ్చి గీతలు, చదరాలు. వైరస్ అయ్యుంటుంది. ఫార్మాట్ మాత్రం కొట్టొద్దు, పాత కార్డులన్నీ అందులోనే ఉన్నాయి" అన్నది వాళ్లు చెప్పిన మాట. కొత్తగా వేసిన ఫైళ్లు షాపు మెషీన్‌లో తెరుచుకున్నాయి, ప్లేటు సెంటర్‌లో తెరుచుకోలేదు. మొదటి రోజు నుంచీ గడియారం పక్కన పసుపు బుడగలో "డిలేడ్ రైట్ ఫెయిల్డ్" అని వస్తోంది. డ్రైవ్ తొందరపడి పీకడం వల్ల వస్తోందనుకుని దాన్ని పట్టించుకోలేదు.

వైరస్ కాదు. దాన్ని తేల్చిన ఆధారం ప్రాపర్టీస్ పేజీలోనే ఉంది.

టూల్ నడపకముందు వాడినది 3.20 జీబీ, ఖాళీ 0.52 జీబీ. నడిపాక వాడినది 6.40, ఖాళీ 1.05. ఖాళీ ఒక్కటే పెరిగి ఉంటే వేరే సంగతి. ఒక్క ఫైలు కూడా కొత్తగా వేయకుండా వాడిన చోటు కూడా సరిగ్గా రెట్టింపైంది. డ్రైవ్ పెరగలేదని, కొలిచే పాత్ర మారిందని ఆ ఒక్క వరుస చెబుతుంది. బియ్యాన్ని సోలతో కొలిచి, చిట్టాలో మాత్రం అన్ని తవ్వలని రాసినట్టు. బస్తాలో గింజ పెరగలేదు.

ఎవరైనా ఇంట్లోనే చూసుకోగల రెండో ఆధారం విండోస్‌లో డిస్కుల వివరాలు చూపే డిస్క్ మేనేజ్‌మెంట్. కింది భాగంలో డిస్క్ వరుసలో 3.73 జీబీ అనే ఉంది. డ్రైవ్ ప్రాపర్టీస్‌లో 7.45, డిస్క్ వరుసలో 3.73. ఈ రెండూ కలవకపోతే మార్పు ఫైల్ సిస్టమ్ (ఫైళ్లు ఎక్కడున్నాయో రాసుకునే ఏర్పాటు) స్థాయిలో జరిగిందని అర్థం. రెండూ ఒకే పెద్ద అంకె చూపిస్తే రోగం వేరే, దాని సంగతి చివర్లో.

మొదటి గంటలో చేసినవి, చేయనివి

ఈ అంకెలు చూశాక డ్రైవ్‌ను మళ్లీ విండోస్‌లో పెట్టలేదు. ఎక్స్‌పీ ఎక్స్‌ప్లోరర్ థంబ్‌నెయిల్ వ్యూలో ఉంటే ఫోల్డర్ తెరిచినంత మాత్రానే అందులో థంబ్స్ ఫైలు ఒకటి రాసేస్తుంది. తప్పు చోటును ఫోల్డర్ అనుకుని రాసే ఆ నాలుగు అక్షరాలు ఏ ఫైలు మధ్యలో పడతాయో తెలియదు. విండోస్‌లోనే చూడక తప్పని పరిస్థితి వస్తే, ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 నుంచి రిజిస్ట్రీలో స్టోరేజ్‌డివైస్‌పాలసీస్ కీ కింద రైట్‌ప్రొటెక్ట్ విలువను 1 చేసే సదుపాయం ఉంది. అలా చేశాక పెట్టే యూఎస్‌బీ డ్రైవ్‌ల మీద రాత ఆగిపోతుంది.

ఇక్కడ లైనక్స్ లైవ్ డ్రైవ్‌తో బూట్ చేసి, ఆటోమౌంట్ (డ్రైవ్ తనంతట తాను తెరుచుకోవడం) ఆపి, బ్లాక్‌డెవ్ ఆజ్ఞతో డ్రైవ్‌ను చదవడానికి మాత్రమే అని గుర్తుపెట్టి, జీఎన్‌యూ డీడీరెస్క్యూతో మొత్తం 78,31,552 సెక్టార్లూ ఒక ఇమేజ్ ఫైలుగా, అంటే డ్రైవ్ మొత్తానికి అచ్చు నకలుగా తీశారు. సెక్టార్ అంటే డ్రైవ్‌లో చదివే, రాసే అతి చిన్న ముక్క. సెక్టారుకు 512 బైట్లు, అంటే 400,97,54,624 బైట్లు. ఎక్కడా చదువు తప్పలేదు, చిప్‌లో లోపం లేదు. ఆ ఇమేజ్‌ను రెండు నకళ్లు చేశారు. ఇకపై వాటిని నకలు-అ, నకలు-ఆ అందాం. అసలు డ్రైవ్‌ను కవర్లో పెట్టి పక్కన పెట్టేశారు.

డ్రైవ్ తప్పులు దిద్దే విండోస్ టూల్ చెక్‌డిస్క్ నడపలేదు. ఈ కేసులో అన్నిటికన్నా ప్రమాదమైనది అదే. మారిన కొలతను నిజమనుకుని అది ఫోల్డర్లను చదువుతుంది. అక్కడ దొరికిన చెత్తను "పాడైన ఫోల్డర్" అని తీర్మానించి కత్తిరిస్తుంది. ఒక్కో ఫైలు ముక్కలు ఏ వరుసలో ఉన్నాయో చెప్పే గొలుసులన్నిటినీ ఫౌండ్ అనే ఫోల్డర్‌లో అంకెల పేర్లతో ముక్కలుగా పోస్తుంది. అప్పటిదాకా భద్రంగా ఉన్న డేటాను మన చేత్తోనే పాడు చేసినట్టవుతుంది. ఇలాంటి డ్రైవ్ పెడితే "ఎర్రర్లు ఉన్నాయి, సరిచేయమంటారా" అని విండోస్ అడిగే అవకాశం ఎక్కువ. వద్దు అనాలి.

బూట్ సెక్టార్‌లో కనిపించినది

ఈ డ్రైవ్ వాడే ఫైల్ సిస్టమ్ ఫ్యాట్32. అందులో పార్టిషన్ (డ్రైవ్‌లో విడదీసిన భాగం) మొదటి సెక్టార్‌ను బూట్ సెక్టార్ అంటారు. డ్రైవ్ కొలతలన్నీ అక్కడ రాసి ఉంటాయి. మామూలుగా దాని నకలు ఒకటి అదే పార్టిషన్‌లో 6వ సెక్టార్‌లో ఉంటుంది. ఈ డ్రైవ్‌లో పార్టిషన్ 8,064వ సెక్టార్ దగ్గర మొదలవుతుంది. బైట్లను పదహారు ఆధారపు అంకెల్లో చూపే హెక్స్ ఎడిటర్‌లో 8,064, 8,070 సెక్టార్లను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా రెండు చోట్లే.

లెక్క 0 నుంచి మొదలుపెడితే 13వ బైటులో క్లస్టర్‌కు (ఫైళ్లకు చోటు కేటాయించే సెక్టార్ల గుంపు) ఎన్ని సెక్టార్లో ఉంటుంది. నకలులో 08, అసలు చోట 10. హెక్స్‌లో 10 అంటే పదహారు. 32వ బైటు నుంచి నాలుగు బైట్లలో పార్టిషన్‌లోని మొత్తం సెక్టార్ల సంఖ్య ఉంటుంది. నకలులో 80 60 77 00, అంటే 78,23,488. అసలు చోట 00 సీ1 ఈఈ 00, అంటే 1,56,46,976, సరిగ్గా రెండింతలు. మిగతా 508 బైట్లూ యథాతథం.

నాలుగు బైట్లు. ఆ సాఫ్ట్‌వేర్ చేసిన పని మొత్తం ఇంతే. డ్రైవ్ మొట్టమొదటి సెక్టారైన ఎంబీఆర్‌లోని పార్టిషన్ పట్టికను ముట్టుకోలేదు, అందుకే డిస్క్ మేనేజ్‌మెంట్ నిజం చెప్పింది. 6వ సెక్టార్‌లోని నకలునూ ముట్టుకోలేదు, ఈ షాపు అదృష్టం అక్కడుంది.

రెండు చోట్లా ఎందుకు మార్చారో కూడా అర్థం చేసుకోవాలి. ఏ ఫైలు ఏ క్లస్టర్లలో ఉందో రాసుకునే ఫ్యాట్ టేబుల్‌లో ఒక్కో క్లస్టర్‌కు నాలుగు బైట్ల గడి ఒకటి ఉంటుంది. ఈ డ్రైవ్‌లో ఒక్కో టేబుల్ 7,633 సెక్టార్లు, సెక్టార్‌కు 128 గడులు, అంటే మొత్తం 9,77,024 గడులు. సెక్టార్ల సంఖ్యను మాత్రమే రెట్టింపు చేస్తే దాదాపు 19.5 లక్షల క్లస్టర్లు కావాలి, వాటికి టేబుల్‌లో చోటు లేదు. క్లస్టర్ సైజును కూడా రెట్టింపు చేస్తే క్లస్టర్ల సంఖ్య 9.76 లక్షల దగ్గరే నిలుస్తుంది, టేబుల్ సరిపోతుంది, విండోస్‌కు అనుమానం రాదు.

ఇప్పుడు ఫోల్డర్లలో పిచ్చి గీతలు ఎందుకొచ్చాయో చూడండి. క్లస్టర్ల లెక్క 2 నుంచి మొదలవుతుంది. రూట్ ఫోల్డర్ (అన్నిటికన్నా పైనున్నది) 2వ క్లస్టర్‌లో ఉంది. డేటా మొదలయ్యే చోటు నుంచి దాని దూరం సున్నా, సున్నాను 8తో గుణించినా 16తో గుణించినా సున్నాయే. అందుకే పైనున్న పేర్లన్నీ బాగా కనిపించాయి. 1,002వ క్లస్టర్‌లో ఉన్న ఫోల్డర్ అసలు 8,000 సెక్టార్ల దూరంలో ఉంటే, విండోస్ 16,000 సెక్టార్ల దూరంలో వెతికింది. అక్కడ ఉన్నది ఎవరిదో పెళ్లికార్డు తాలూకు టిఫ్ బొమ్మ మధ్య భాగం. దాన్ని ఫైళ్ల పేర్లుగా చదివితే వచ్చేవే ఆ చదరాలు.

కొత్త ఫైళ్ల సంగతి ఇంకా ఘోరం. కొత్త కొలత ప్రకారం 4.88 లక్షల నంబరు దాటిన ప్రతి క్లస్టరూ డ్రైవ్ చివరను దాటి ఉంటుంది, అక్కడ చిప్ లేదు. డ్రైవ్ అప్పటికే 86 శాతం నిండి ఉంది కాబట్టి ఖాళీ క్లస్టర్లలో ఎక్కువ భాగం పెద్ద నంబర్లవే. కాపీ చేసినప్పుడు పేరు, సైజు, తేదీ రూట్ ఫోల్డర్‌లో పడతాయి. గొలుసు ఫ్యాట్ టేబుల్‌లో పడుతుంది. ఈ రెండూ డ్రైవ్ మొదట్లోనే ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు. అసలు మేటర్ మాత్రం కాసేపు ర్యామ్‌లో ఆగి, తర్వాత డ్రైవ్‌కు వెళ్లేటప్పుడు పార్టిషన్ హద్దు దగ్గర తిరస్కారానికి గురవుతుంది. కాపీ బార్ అప్పటికే నిండి మాయమై ఉంటుంది. కొన్ని సెకన్ల తర్వాత వచ్చే పసుపు బుడగ ఒక్కటే సాక్ష్యం. వెంటనే అదే మెషీన్‌లో తెరిస్తే ర్యామ్‌లోని కాపీ నుంచి తెరుచుకోవచ్చు. డ్రైవ్ పీకి ఇంకో చోట పెడితే పేరే మిగులుతుంది.

తిరిగి తీసిన పద్ధతి

బూట్ సెక్టార్ సరిచేసేస్తే పని అయిపోతుందని అనిపిస్తుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. పాత ఫైళ్లు పాత కొలతతో రాసినవి. నాలుగు రోజుల కొత్త ఫైళ్లు తప్పుడు కొలతతో రాసినవి. పాతవాటిని చదవాలంటే కొలత సరిదిద్దాలి. కొత్తవాటిలో బతికినవేవైనా ఉంటే వాటిని చదవాలంటే తప్పును తప్పుగానే ఉంచాలి. రెండు నకళ్లు తీసింది అందుకే.

నకలు-అ మీద టెస్ట్‌డిస్క్ అనే రికవరీ టూల్ నడిపి, అడ్వాన్స్‌డ్ కింద పార్టిషన్ ఎంచుకుని, బూట్ అనే చోట బ్యాకప్ బీఎస్ అన్న ఎంపికతో 6వ సెక్టార్‌ను బూట్ సెక్టార్ మీదకు కాపీ చేశారు. హెక్స్ ఎడిటర్‌లో చేత్తో నాలుగు బైట్లు మార్చినా అదే ఫలితం. టెస్ట్‌డిస్క్ అయితే చేయి జారే ప్రమాదం తక్కువ. తర్వాత ఇమేజ్‌ను చదవడానికి మాత్రమే మౌంట్ చేస్తే ఫోల్డర్లన్నీ పేర్లతో సహా తెరుచుకున్నాయి. శుభలేఖల షాపులో పేరే సూచిక: ఇంటిపేరు, ముహూర్తం తేదీ కలిపి ఫైలుకు పేరు పెడతారు. ఫోటోరెక్ లాంటి వాటితో బొమ్మల గుర్తులు వెతికి లాగితే పేర్లు పోతాయి, ముక్కలుగా పడి ఉన్న పెద్ద ఫైళ్లు అతకవు. నిర్మాణం దెబ్బతినని డ్రైవ్‌కు అది ఆఖరి మార్గం, మొదటిది కాదు.

నకలు-ఆ ను ఏమీ మార్చకుండా మౌంట్ చేశారు. రూట్‌లో కొత్త ఫైళ్ల పేర్లు తొమ్మిది. అందులో రెండింటి గొలుసులు పూర్తిగా 4.88 లక్షల లోపు నంబర్లలో ఉన్నాయి. ఎప్పుడో తుడిచేసిన ఫైళ్ల ఖాళీ నంబర్లలో అవి పడ్డాయి. ఆ రెండూ చక్కగా తెరుచుకున్నాయి. మిగతా ఏడింటిలో మేటర్ లేదు. వాటిలో ఐదింటి మూలప్రతులు హార్డ్ డిస్క్‌లో దొరికాయి. రెండింటిని కాపీ చేయకుండా కట్ చేసి పేస్ట్ చేశారు. అవి పోయాయి, మళ్లీ కంపోజ్ చేయాల్సి వచ్చింది.

బతికిన ఆ రెండు కొత్త ఫైళ్లూ పాతవాటి మీద పడి రాసుకున్నాయి, దాని లెక్క కూడా తేల్చాలి. తప్పుడు కొలతలో ఎన్ నంబరు క్లస్టర్ మీద రాసినది నిజానికి పాత కొలతలోని 2ఎన్−2, 2ఎన్−1 నంబర్ల క్లస్టర్ల మీద పడుతుంది. ఉదాహరణకు 2,00,002 మీద రాస్తే 4,00,002, 4,00,003 దెబ్బతింటాయి. రెండు కొత్త ఫైళ్ల గొలుసులు తీసుకుని ఈ లెక్కతో జాబితా కట్టి, నకలు-అ లో ఆ నంబర్లు ఏ ఫైళ్లవో చూస్తే మూడు పాత ఫైళ్లు తేలాయి. వందల ఫైళ్లను గుడ్డిగా ఒక్కొక్కటీ తెరిచి చూడాల్సిన అవసరం లేకుండా, "ఈ మూడూ పాడయ్యాయి" అని కస్టమర్‌కు కాగితం మీద రాసివ్వగలిగారు. వాటిలో ఒకటి కోరెల్ ఫైలు, దానికి హార్డ్ డిస్క్‌లో కోరెల్ తనంతట తాను ఉంచిన బ్యాకప్ దొరికింది.

కొత్తవి భద్రం, పాతవి పోయాయి అని కస్టమర్ అనుకున్నారు. జరిగింది సరిగ్గా తలకిందులు.

అసలు సాఫ్ట్‌వేర్‌తో చోటు పెరగడం సాధ్యమేనా

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. 1993లో వచ్చిన ఎంఎస్-డాస్ 6.0లో డబుల్‌స్పేస్ అనేది ఉండేది, అంతకుముందే స్టాకర్ అమ్మకంలో ఉంది. అవి నిజంగా పనిచేశాయి. రాసేటప్పుడు డేటాను కుదించి, చదివేటప్పుడు విప్పేవి. అందుకు ఒక డ్రైవర్ ఎప్పుడూ మెమరీలో నడుస్తూ ఉండాలి. ఖాళీ ఎంత ఉందో అవి చూపే అంకె కూడా "సగటున ఇంత కుదురుతుంది" అన్న అంచనాయే. ఆ రోజుల్లో డిస్కుల నిండా టెక్స్ట్, ప్రోగ్రాములు ఉండేవి కాబట్టి ఆ అంచనా చాలావరకు నిలిచింది. 1995లో ర్యామ్‌ను రెట్టింపు చేస్తానని అమ్ముడైన సాఫ్ట్‌ర్యామ్95 మాత్రం ఆ పని చేయడం లేదని తేలి, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాకా వెళ్లింది.

పెన్‌డ్రైవ్‌ను "పెంచే" టూల్ ఏదైనా ముందుకొస్తే రెండు ప్రశ్నలు చాలు. యూఎస్‌బీ 2.0 మీద 3.2 జీబీని చదివి, కుదించి, తిరిగి రాయడానికి పాత మెషీన్‌కు ఎన్నో నిమిషాలు పడుతుంది, ఇది రెండు సెకన్లలో ఏం చేసింది? ప్లేటు సెంటర్ కంప్యూటర్‌లో ఆ టూల్ లేదు కదా, కుదించినదాన్ని అక్కడ ఎవరు విప్పుతారు? ఈ రెండింటికీ జవాబు లేదంటే మారింది అంకె ఒక్కటే.

నిజంగా సాఫ్ట్‌వేర్ చోటు తిరిగివ్వగల సందర్భం ఒకటుంది, దాన్ని దీనితో కలపకూడదు. విండోస్ లేదా లైనక్స్ బూట్ ఇమేజ్ రాసిన పెన్‌డ్రైవ్ ఆ తర్వాత కొన్ని ఎంబీల చిన్న పార్టిషన్‌గానే కనిపిస్తుంది. అక్కడ చిప్ ఉంది, పార్టిషన్ పట్టిక దాన్ని వాడుకోవడం లేదు. విండోస్ 7 లేదా తర్వాతి మెషీన్‌లో డిస్క్‌పార్ట్ తెరిచి లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్, క్లీన్, క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ, ఆపై ఫార్మాట్ చేస్తే మొత్తం వస్తుంది. సెలెక్ట్ దగ్గర డిస్క్ నంబరును సైజుతో సరిచూసుకోండి. అక్కడ ఒక అంకె తప్పితే క్లీన్ అయ్యేది హార్డ్ డిస్క్.

32 జీబీ డ్రైవ్ 29 చిల్లర జీబీగా కనిపించడం మోసం కాదు. కంపెనీ వెయ్యి కోట్ల బైట్లను 10 జీబీ అంటుంది, విండోస్ 1,07,37,41,824 బైట్లను ఒక జీబీ అంటుంది. తేడా అదే.

ఈ షాపులో నిజంగా చోటు మిగిల్చినవి

పేజ్‌మేకర్‌లో సేవ్ కొట్టిన ప్రతిసారీ మార్పులు ఫైలు చివర చేరుతూ పోతాయి, పాతవి తొలగవు. ఫైలును తెరిచి సేవ్ యాజ్‌తో అదే పేరుతో మళ్లీ దాస్తే కొత్తగా, పొందికగా రాస్తుంది. చాలాసార్లు ప్రూఫ్ దిద్దిన శుభలేఖ ఫైళ్లలో ఈ ఒక్క పనితోనే సైజు బాగా తగ్గింది. కోరెల్ ఉంచే బ్యాకప్ నకళ్లు ప్రతి ఫోల్డర్‌లోనూ పేరుకుని ఉన్నాయి. అసలు ఫైలు తెరుచుకుంటోందని చూశాకే వాటిని తీశారు. ఫొటోషాప్ టిఫ్‌లను ఎల్‌జెడ్‌డబ్ల్యూ కుదింపుతో తిరిగి సేవ్ చేస్తే నాణ్యత పోదు, తెల్ల నేపథ్యం ఎక్కువున్న కార్డు డిజైన్లలో సైజు బాగా దిగుతుంది. పూర్తయిన ఏడాది పనులను 7-జిప్‌లో కట్టి దాచారు. జేపీజీలు, పీడీఎఫ్‌లు అప్పటికే కుదించినవి, వాటిని మళ్లీ జిప్ చేస్తే కాలం వృథా.

హార్డ్ డిస్కులకు వాడే ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్‌లోని కుదింపు కూడా నిజమైనదే. క్లస్టర్ 4 కేబీ లేదా అంతకన్నా చిన్నదై ఉండాలి. హార్డ్ డిస్క్‌లో పాత ఫోల్డర్ల మీద పెట్టుకోవచ్చు. ఊళ్లో తిరిగే పెన్‌డ్రైవ్‌కు మాత్రం ఫ్యాట్32 ఉంచడమే మేలు. ప్లేటు సెంటర్‌లో ఏ మెషీన్ ఉంటుందో తెలియదు.

అన్నిటికన్నా పెద్ద ఉపశమనం బిల్లుతో కొన్న రెండు 32 జీబీ డ్రైవ్‌లు. ఎక్స్‌పీ తనంతట తాను 32 జీబీకి మించి ఫ్యాట్32 ఫార్మాట్ చేయదు, అందుకే ఆ సైజు. ఎక్స్‌ఫ్యాట్ అనే మరో ఫైల్ సిస్టమ్‌తో వచ్చే పెద్ద డ్రైవ్ కొంటే ఎక్స్‌పీకి కేబీ955704 అప్‌డేట్ వేయాలి. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు, కంపోజింగ్ పనికి ఆ హద్దు అడ్డు రాదు. డ్రైవ్‌ను కేబినెట్ వెనక పోర్టులోనే పెట్టమని చెప్పారు. పాత కేబినెట్లలో ముందు పోర్టుల వైరు సన్నగా, వదులుగా ఉండి కాపీ మధ్యలో డ్రైవ్ తెగిపోతుంది.

రెండో రోగం: చిప్పే అబద్ధం చెప్పే డ్రైవ్

ఈ కేసు నడుస్తుండగానే అదే షాపు వాళ్లు మౌంట్ రోడ్ వైపు ఫుట్‌పాత్ మీద "1 టీబీ" అని రాసి ఉన్న పెన్‌డ్రైవ్ కొనుక్కొచ్చారు. ఇక్కడ ప్రాపర్టీస్‌లోనూ, డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనూ అంకె ఒకటే, 1 టీబీకి దగ్గర. బూట్ సెక్టార్, నకలు కచ్చితంగా కలిశాయి. ఎందుకంటే అబద్ధం ఇంకా కింద ఉంది. కంప్యూటర్ "నీ చివరి సెక్టార్ ఎంత" అని రీడ్ కెపాసిటీ ఆజ్ఞతో అడిగితే జవాబిచ్చేది డ్రైవ్‌లోని కంట్రోలర్, అంటే మెమరీని నడిపే చిన్న చిప్. ఫ్యాక్టరీలో వాడే ప్రొడక్షన్ టూల్‌తో ఆ జవాబునే మార్చేశారు. ఫార్మాట్ ఎన్నిసార్లు కొట్టినా అంకె మారదు.

ఇలాంటి డ్రైవ్ హద్దు దాటాక రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. ఒక రకం తిరిగి మొదటికొచ్చి పాత డేటా మీదే రాస్తుంది, అప్పుడు ఫ్యాట్ టేబులే చెరిగిపోయి డ్రైవ్ ఒక్కసారిగా ఖాళీ అయినట్టు కనిపిస్తుంది. ఇంకో రకం రాసిందంతా పారేసి, చదివితే సున్నాలు ఇస్తుంది. రెండింటిలోనూ ఎర్రర్ రాదు. మొదటి రోగంలో కనీసం పసుపు బుడగ వచ్చింది, ఇందులో అదీ లేదు. ఆ కారణంగా దీని మీద ఎక్కువ భయం ఉండాలి.

కనిపెట్టే దారి ఒకటే: రాసి, తిరిగి చదివి, పోల్చడం. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ ఖాళీ డ్రైవ్‌ను 1 జీబీ ఫైళ్లతో నింపి తిరిగి చదువుతుంది. లైనక్స్‌లో ఎఫ్3 అదే పని చేస్తుంది. అందులోని ఎఫ్3ప్రోబ్ మొత్తం నింపకుండా నిమిషాల్లోనే నిజమైన హద్దును పట్టేస్తుంది. ఈ డ్రైవ్‌లో అసలు చిప్ 16 జీబీ లోపు. ఎఫ్3ఫిక్స్‌తో ఆ హద్దు దాకా మాత్రమే పార్టిషన్ చేస్తే పనిచేస్తుంది. అలా చేసినా దాన్ని పాటలు మోయడానికి తప్ప ఇంకే పనికీ సిఫారసు చేయలేదు. మోసానికి వాడే చిప్ నాసిరకం అయ్యే అవకాశమే ఎక్కువ. ప్రొడక్షన్ టూల్ తెచ్చి కంట్రోలర్‌ను మళ్లీ ప్రోగ్రామ్ చేయమని కొందరు చెబుతారు. కంట్రోలర్ మోడల్, ఫ్లాష్ చిప్ గుర్తింపు రెండూ కచ్చితంగా కలవకపోతే డ్రైవ్ ఇక కంప్యూటర్‌కు కనిపించదు.

కొత్త 32 జీబీ డ్రైవ్‌లు రెండింటినీ ఫైళ్లు వేయకముందే ఈ పరీక్షకు పెట్టారు. సెకనుకు 8 ఎంబీ రాసే డ్రైవ్ అయితే నింపడానికి గంట పైన, 20 ఎంబీ వేగంతో చదవడానికి మరో అరగంట. షాపు మూసేటప్పుడు పెట్టి వెళ్తే పొద్దున్నకు ఫలితం ఉంటుంది. పాత మెషీన్‌లో యూఎస్‌బీ 1.1 పోర్టు మాత్రమే ఉంటే వేగం సెకనుకు 1 ఎంబీ దగ్గరే, అప్పుడు పరీక్ష వేరే మెషీన్‌లో పెట్టాలి. రెండూ నెగ్గాయి. ఒకటి ప్లేటు సెంటర్‌కు తిరిగేది, రెండోది షాపు దాటనిది. శనివారం శనివారం మొదటి దానిలోని పూర్తయిన పనులు రెండో దానిలోకి కాపీ అవుతాయి, కట్ కాదు. కాపీ అయ్యాక సేఫ్లీ రిమూవ్ కొట్టి, డ్రైవ్ పీకి, మళ్లీ పెట్టి, రెండు ఫైళ్లు తెరిచి చూస్తారు. పీకి పెట్టకుండా చూస్తే ర్యామ్‌లోని కాపీనే చూస్తున్నారేమో తెలియదు.

పాత 4 జీబీ డ్రైవ్‌కు జరిగిన నష్టం ఏమీ లేదు. ఫైళ్లన్నీ కొత్త డ్రైవ్‌లలోకి చేరి, షాపు వాళ్లు నెలరోజులు వాడుకున్నాక, కవర్లోంచి తీసి ఫార్మాట్ చేస్తే తిరిగి 3.72 జీబీ చూపించింది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ కూడా తప్పు లేకుండా దాటింది. ఇప్పుడు అందులో అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ప్రింటర్ డ్రైవర్ల ఇన్‌స్టాలర్లు ఉన్నాయి. ఎక్స్‌పీ మళ్లీ వేయాల్సి వస్తే మొదట అడిగేవి అవే.